తాడు దాటని పిల్ల

పోయినవారం ప్రిన్సిపాల్ రాఘవమ్మ గారు పిలిస్తే వెళ్ళి, ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాను. నా మనసు ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"ఎస్తేరమ్మా, ఆటల కింద కమిటీ వాళ్ళు ఒక్క సీటే ఇచ్చారు" అన్నారు రాఘవమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, అదేదో చల్లని కబురైనట్టు.

ఒక్క సీటంటే తక్కువేమీ కాదు. ఫీజు లేకుండా పి.యు.సి. చదువు, హాస్టల్లో తిండీ పడకా. బాల్ బ్యాడ్మింటన్ ఆడినందుకు ఒక ఆడపిల్లకి అంతటిది ఇవ్వమని ఆ కమిటీ పెద్దమనుషుల ముందు మూడేళ్ళు మొత్తుకున్నాను. "బంతి కొడితే చదువు చెప్పాలా?" అని నవ్వారు. ఆరేళ్ళుగా అంతర్ కళాశాలల పోటీల్లో మొదటి రోజే ఓడి ఇంటికి వస్తున్న కాలేజీ మాది. ఆ నవ్వుల మధ్యనుంచి ఒక సీటు ఊడబెరికాను. సంతోషించాల్సిందే. కానీ నేను అప్పటికే రెండిళ్ళలో మాట ఇచ్చేసి ఉన్నాను.

చీరాలలో చలమయ్య గారింట్లో మగ్గం పక్కన పీట మీద కూర్చుని, మజ్జిగ తాగి, "మీ భద్రావతిని నాతో పంపండి. సీటు ఖాయం. నా కూతురిలా చూసుకుంటాను" అన్నాను. నాలుగు రోజుల తర్వాత గుంటూరులో మిర్చి కొట్ల వెనక సందులో జైతున్‌బీ ఇంట్లో టీ తాగి, "మీ జైనాబీని నాతో పంపండి" అని మొదలుపెట్టి, అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నాను. రెండు సీట్లు వస్తాయని నా నమ్మకం. ఎవరూ నమ్మించకుండానే నమ్మేయడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

"శనివారం ఇద్దర్నీ ఆడించండి. నేనూ వచ్చి చూస్తాను. బాగా ఆడిన పిల్లని తీసుకుందాం" అని రాఘవమ్మ గారు ఫైలు మూసేశారు. ఒక్కటే సీటన్న సంగతి ఆ రెండిళ్ళకీ చెప్పాలి. శుక్రవారం సాయంత్రం వరకూ ఉత్తరం రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఇరవైమంది ఆడపిల్లల్ని ఈల ఊది ఎండలో పరిగెత్తించే దాన్ని, ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయాను.

శనివారం తెల్లవారేసరికి ఇద్దరూ వచ్చేశారు. చలమయ్య గారు మొదటి బండికే చీరాల నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని దిగారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, భుజాన కండువా. మాట తక్కువ. "పన్నెండింటి బండికి వెళ్ళిపోవాలమ్మా. మా అమ్మ నూలు గంజిలో వేసి ఉంచింది, అది ఆగదు" అన్నారు రాగానే. జైతున్‌బీ అలా కాదు. మిర్చి కొట్లో పదిహేనేళ్ళుగా కాయల తొడిమలు తీసే మనిషి, పక్కవాళ్ళ తుమ్ముల మీదుగా మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. గేటు దగ్గరే "టీచరమ్మా, తెచ్చానమ్మా నీ పిల్లని! ఇక నీదే!" అని అరిచింది. నేను వినిపించనట్టు బంతులు లెక్కపెట్టాను.

జూన్ నెల, తొలి జల్లులు పడుతున్నాయి. సున్నంతో గీసిన గీతలు పూటపూటకీ కొట్టుకుపోతున్నాయని మా గ్రౌండు మనిషి బాపయ్య ఓ ఉపాయం చేశాడు. తొక్కుడుకి అన్నిటికంటే ముందు చెరిగే మధ్య గీత మీద తెల్లటి నూలు తాడు బిగలాగి, మేకులు కొట్టాడు. నెట్‌కి ఇటూ అటూ, కోర్టుని కుడి ఎడమలుగా చీల్చే ఆ ఒక్క గీత తాడు, మిగతావి సున్నమే. బ్రహ్మాండంగా ఉందని నేనే మెచ్చుకున్నాను.

ఆటకి పక్కకి అయిదుగురు. మా కాలేజీ పిల్లలు ఎనమండుగురిని రెండుగా పంచి, ఒక పక్క జైనాబీని, రెండో పక్క భద్రావతిని కలిపాను. ఇరవైతొమ్మిది పాయింట్లు ముందు తెచ్చుకున్నవాళ్ళది ఆట. రాఘవమ్మ గారు వరండాలో కుర్చీ వేయించుకున్నారు. జైతున్‌బీ, చలమయ్య గారు మెట్ల మీద చెరో చివర కూర్చున్నారు.

జైనాబీ పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. కొట్టినా నవ్వుతుంది, పోగొట్టుకున్నా నవ్వుతుంది. పసుపుపచ్చ ఉన్ని బంతిని కట్టె బ్యాటుతో దిగ్గొడితే అవతల పిల్లలు కళ్ళు మూసుకునేవాళ్ళు. భద్రావతి చిన్నపిల్ల, పెదవి విప్పదు. కానీ దాని చేతులు చూడాలి. కుడిచేత్తో ఎంత బాగా కొడుతుందో ఎడంచేత్తోనూ అంతే. బంతి ఎటు వస్తే బ్యాటు ఆ చేతిలోకి మారిపోతుంది, ఎప్పుడు మారిందో మనకి తెలీదు. ఆ చేతుల కోసమే నేను చీరాల దాకా పరిగెత్తింది.

అలాంటి పిల్ల ఆ రోజు నా పరువు తీసింది.

కోర్టు కుడి సగంలో నిలబడిందా, ఆ సగంలోకి ఈగని కూడా రానివ్వలేదు. కానీ బంతి మధ్య గీతకి అవతల, ఒక్క అడుగు దూరంలో పడితే చాలు, బండి బ్రేకు వేసినట్టు ఆగిపోయేది. వంగి, చెయ్యి చాపి, అందితే కొట్టేది, అందకపోతే వదిలేసేది. "భద్రా, వెళ్ళవే! నీదే!" అని పక్కపిల్లలు గోలపెట్టారు. రెండుసార్లు ఏం చేసిందంటే, వెనక్కి పరిగెత్తి, కోర్టు చివరి దాకా పోయి, చుట్టూ తిరిగి వచ్చింది. అప్పటికి బంతి నేల మీద పడి విశ్రాంతి తీసుకుంటోంది. జైనాబీ పక్క ఇరవైతొమ్మిది, వీళ్ళు పదమూడు.

"చేతులు బంగారమే" అన్నారు రాఘవమ్మ గారు. "కాళ్ళు కదలవుగా. ఈ అమ్మాయి కోసమా మీరు సెలవు పెట్టి మరీ వెళ్ళింది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కోర్టులోకి వెళ్ళి, అందరూ వినేట్టు, "ఏమే, నీ కాళ్ళకి ఎవరైనా మేకులు కొట్టారా? అక్కడ నా ముందు లేడిపిల్లలా గెంతావే! ఇక్కడికొచ్చేసరికి ఏమొచ్చింది రోగం?" అని అరిచేశాను. ఆ పిల్ల తల వంచుకుని బ్యాటు తీగలు సవరించుకుంటూ నిలబడింది.

నెట్ కింద నుంచి దూరి జైనాబీ ఇవతలికి వచ్చింది.

"తిట్టకండి టీచర్. ఆ పిల్లకి చేతకాక కాదు. తాడు దాటట్లేదు."

"ఏం తాడు?"

"అదే, ఆ మధ్యలో నూలు తాడు. నేను పదో పాయింటు నుంచీ చూస్తన్నా. వంగుతుంది, చెయ్యి చాపుతుంది, కాలు మాత్రం పెట్టదు. చుట్టూ తిరిగొస్తంది. అది తెలిసి నేను అన్నీ అటే కొట్టా." ఆఖరి మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. చీరాలలో నేను వెళ్ళిన రోజు పొద్దున వీధి పొడుగునా పడుగు సాగదీసి కట్టారు. బట్టకి నిలువునా వచ్చే నూలు అది. గంజి పట్టించి, అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుతున్నారు. భద్ర ఒక పక్క, తండ్రి ఒక పక్క. ముందుకి కుడిచేయి, వెనక్కి ఎడంచేయి. ఆ పిల్లకి రెండు చేతులు అలా వచ్చాయని తెలుసుకుని నేను మురిసిపోతూ, ఆ పడుగు మీంచి అడుగు వేయబోయాను. "ఆగు తల్లీ!" అని కేక పెట్టింది చలమయ్య గారి తల్లి పేరమ్మ. నా రెక్క పట్టుకుని ఆ పడుగు చివరిదాకా నడిపించి, చుట్టూ తిప్పి ఇవతలికి తెచ్చింది. ముసలావిడ చాదస్తం అనుకుని లోపల నవ్వుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! ఆ చేతుల్ని చూశాను గానీ, ఆ కాళ్ళు ఏం నేర్చుకున్నాయో చూడలేదు.

"భద్రా, ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా?" అన్నాను.

"దాటకూడదుగా టీచర్" అంది, నేను తెలియనట్టు నటిస్తున్నానేమో అన్నట్టు చూసి.

చలమయ్య గారు మెట్లు దిగి వచ్చారు. "దాన్ని అనకండమ్మా. మా ఇళ్ళల్లో పిల్లలు నడక రాకముందే ఆ మాట నేర్చుకుంటారు. సాగదీసిన నూలుని దాటకూడదు. దాటితే చేసే పనిని కించపరిచినట్టే."

"అయ్యో, ఇది పడుగు కాదండీ! గీత!"

"మీకు గీత. దానికి నూలు."

నేను గిర్రున తిరిగి, "బాపయ్యా! ఆ తాళ్ళన్నీ పీకెయ్" అన్నాను.

"ఒద్దమ్మా" అన్నారు చలమయ్య గారు. "ఇక్కడ మీరు పీకిస్తారు. రేపు ఇంకో ఊళ్ళో కడతారు. అక్కడ ఎవరు పీకిస్తారు?"

ఆయన చెప్పులు కోర్టు బయట విడిచారు. మధ్య తాడు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళ మధ్య దాన్ని నలిపి చూశారు. నూలు కనిపిస్తే నలిపి చూడకుండా ఉండలేరనుకుంటాను. లేచి నిలబడ్డారు. కూతురి వంక చూసి, కుడికాలు ఎత్తి తాడుకి అవతల పెట్టారు. ఎడమకాలు కూడా పెట్టారు. యాభై ఏళ్ళుగా చెయ్యని పని ఆ మనిషి మా అందరి ముందూ చేశారు.

"దాటాను. చూశావుగా? ఇది నేసే నూలు కాదమ్మా. దీంతో ఎవరికీ గుడ్డ రాదు. ఇంటి దగ్గర పడుగు పడుగే, అది దాటితే కాళ్ళు విరగ్గొడతా. ఇది ఆట. రా, దాటు."

భద్ర వంగి తాడుని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత దాటింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. డ్రిల్లు టీచరు ఏడిస్తే పిల్లలు మాట వినరని, ఈల నోట్లో కుక్కుకుని రెండో ఆటకి ఊదేశాను.

ఆ రెండో ఆట గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. మొదటి అయిదారు బంతులకి తాడు దగ్గర ఒక్క క్షణం తటపటాయించేది, కిందికి చూసుకుని దాటేది. ఆ తర్వాత కోర్టు మొత్తం దానిదే అయిపోయింది. జైనాబీ దిగ్గొట్టడం, ఈ పిల్ల ఎక్కడినుంచో వచ్చి ఎడంచేత్తో పైకి లేపడం. జైనాబీకి అవతల అంతటిది దొరికేసరికి ఇంకా హుషారొచ్చింది. కొట్టి, "తియ్యి చూద్దాం!" అని అరిచేది. భద్ర తీసేది. చివరికి ఇరవైతొమ్మిది, ఇరవైనాలుగు. భద్ర పక్క గెలిచింది. రాఘవమ్మ గారు కుర్చీ వదిలి మెట్ల మీదికి వచ్చి నిలబడి ఉన్నారు.

నేను ఆనందంగా తిరిగి చూసేసరికి మెట్ల మీద చెరో చివర ఉండాల్సిన ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

"అన్నా, నీ పిల్ల బాగా ఆడిందయ్యా" అంటోంది జైతున్‌బీ. "ఇద్దరూ ఒక హాస్టల్లో ఉంటే మాకు బెంగ ఉండదు. మా పిల్లకి టీచరమ్మ సీటు ఖాయం చేసేసింది. నా కూతురిలా చూసుకుంటానంది."

చలమయ్య గారు నెమ్మదిగా, "మాతోనూ ఆ మాటే అన్నారమ్మా" అన్నారు. "ఇందాక లోపల ప్రిన్సిపాల్ గారు, ఒక్క సీటు ఎవరికివ్వాలో చూద్దాం అంటుంటే విన్నాను. నాకు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నా."

జైతున్‌బీ లేచింది. కొంగు నడుముకి దోపుకుని తిన్నగా నా మీదికి వచ్చింది.

"టీచరమ్మా, సీట్లెన్ని?"

తప్పించుకోవడానికి దారి లేదు. ఉన్నా, వెతకబుద్ధి కాలేదు. "ఒక్కటే. ఇద్దరికీ మాటిచ్చాను. రెండు వస్తాయనుకున్నాను. రాలేదని తెలిసీ మూడు రోజులు మీకు చెప్పకుండా దాచాను. తప్పు నాది" అన్నాను.

"నీది కాక మాదా? మేస్త్రీతో చెప్పేసి వచ్చా, నా పిల్ల ఇక తొడిమలు తీయడానికి రాదయ్యా, కాలేజీకి పోతందని! ఆ చోట్లో ఇంకో పిల్లని కూర్చోబెట్టేశాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తీసుకుపోను?" ఆ కోపం కూతురి మీదికి తిరిగింది. "నువ్వొక దానివి! నోరు మూసుకోనుంటే సీటు నీదేగా! తాడంట, దాటట్లేదంట! ఎవరడిగారే నిన్ను?"

"ఎవరూ అడగలేదమ్మా" అంది జైనాబీ. "ఆ పిల్ల ఆడకుండా నిలబడితే నేను గెలిచా. ఆ గెలుపు పట్టుకుని హాస్టల్లో అన్నం తినమంటావా? నాకు సయించదు."

చలమయ్య గారు నన్ను ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను. "కుంచెకి దీని బదులు మా తమ్ముడి కూతుర్ని కుదుర్చుకున్నా. రెండు నెలల్నుంచీ దానికి నేర్పుతున్నా" అని మాత్రం అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

రాఘవమ్మ గారు అంతా విన్నారు. ఆమె కఠినురాలే గానీ అన్యాయస్తురాలు కాదు. తెల్లకాగితం ఒకటి నా చేతిలో పెట్టారు. "మాట ఇచ్చింది మీరు. పేరు కూడా మీరే రాయండి. ఒక్క పేరు. రాసింది ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో అదీ మీరే చూసుకోండి."

కలం తీశాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. నా ఉద్యోగం మానేస్తానని రాయడం తేలిక. ఆ రెండు పేర్లలో ఒకటి వదిలెయ్యడం నావల్ల కాలేదు.

"రాయొద్దు టీచర్" అన్నారెవరో. భద్రావతి. వచ్చిన దగ్గర్నుంచీ పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్ల ప్రిన్సిపాల్ గారి ముందుకి వెళ్ళి నిలబడింది. చేతిలో బ్యాటు అలాగే ఉంది. "కమిటీ వాళ్ళు సీటిచ్చింది కాలేజీ గెలవాలనేగా మేడమ్?"

"అవును."

"అయితే మేమిద్దరం ఒక పక్క ఆడతాం. అవతల మీ కాలేజీ టీము ఆడనివ్వండి."

"మీ పక్కకి మిగతా ముగ్గురు ఎవరు?"

"వద్దు మేడమ్. మేం ఇద్దరమే. వాళ్ళు అయిదుగురూ. గెలిస్తే ఇద్దరికీ సీటివ్వండి."

జైనాబీ ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, తర్వాత పకపకా నవ్వి, పరిగెత్తుకొచ్చి ఆ పిల్ల పక్కన నిలబడింది. "అవును మేడమ్! ఇద్దరమే!"

నాకు నవ్వు రాలేదు. అయిదుగురు నిలబడే కోర్టులో ఇద్దరు! ఇప్పటికే రెండు ఆటలు ఆడి వగరుస్తున్నారు. పైగా నెత్తి మీద మధ్యాహ్నపు ఎండ.

రాఘవమ్మ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఒకే ఆట. ఇరవైతొమ్మిది పాయింట్లు" అన్నారు. "గెలిస్తే రెండో సీటు కోసం కమిటీ ముందు నేనే కూర్చుంటాను, తెచ్చే వరకూ లేవను. ఓడితే ఈ ఏడు ఆటకి సీటే లేదు. ఇద్దరికీ లేదు. పెద్దవాళ్ళని అడగండి."

"ఇద్దరికీ లేదా!" అంది జైతున్‌బీ. కూతురి మొహంలోకి చూసింది, భద్ర మొహంలోకి చూసింది. ఆ మొహాల్లో ఏం కనిపించిందో, మెట్ల మీద చతికిలబడి, "ఆడి చావండి!" అంది.

వరండా గోడ మీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఇప్పుడు బయల్దేరితేనే పన్నెండింటి బండి దొరుకుతుంది. ఇంటి దగ్గర నూలు గంజిలో ఉంది. చలమయ్య గారు గడియారం చూశారు, తర్వాత కోర్టులోకి నడిచారు. రెండు ఆటల తొక్కిడికి మధ్య తాడు ఒక చోట సడలిపోయింది. మేకు ఊడదీసి, తాడు బిగలాగి, పక్కన రాయి తీసుకుని మేకు మళ్ళీ దిగ్గొట్టారు. వేలితో మీటి చూసుకున్నారు. వచ్చి జైతున్‌బీ పక్కన కూర్చున్నారు.

మా కాలేజీ కెప్టెన్ స్వరాజ్యం బంతి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మంచి పిల్ల. అంతా చూసింది, అంతా వింది. ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి, "టీచర్, నిజంగానే ఆడమంటారా?" అంది.

ఒక్క కన్ను గీటితే చాలు. ఎవరికీ తెలియదు. రెండు ఇళ్ళలో ఇచ్చిన మాట నిలబడుతుంది. గత మూడు రోజులుగా నేను చేస్తున్నది అదే కదా, ఎవరికీ తెలియకుండా నెట్టుకురావడం.

"ప్రాణం పెట్టి ఆడండే" అన్నాను. "ఒక్క బంతి వదిలినా నీ టీములో నీకు చోటు ఉండదు."

స్వరాజ్యం తల ఊపి వెళ్ళింది. నేను ఈల ఊదాను. మొదటి బంతి దాని బ్యాటు నుంచి తూటాలా లేచి, ఎవరూ లేని ఎడమ మూలకి పోయింది. భద్ర కుడి పక్క నుంచి పరిగెత్తింది. మధ్య తాడు మీంచి దాటి వెళ్ళింది. ఈసారి కిందికి చూసుకోలేదు.